షెడ్డుకు సున్న, జాగకు కోట్లు

పటాన్‌చెరు–సంగారెడ్డి పారిశ్రామికవాడలలో మూతబడిన కర్మాగారములు ఒకటొకటిగా చేతులు మారుచున్నవి. కొనువారు గజములు లెక్కించుచున్నారు. ఆ గజములపై నలుబది యేండ్లు ఏమి జరిగినదో లెక్కించువారు అరుదు.

హైదరాబాదునుండి ముంబయి రహదారిని పట్టి పడమటికి పోవువారికి, రామచంద్రాపురమున బి.హెచ్.ఇ.ఎల్. ప్రహరీ తగిలినది మొదలు పటాన్‌చెరు, ముత్తంగి, ఇస్నాపూరు, రుద్రారము, కంది మీదుగా సంగారెడ్డి చేరువరకు, ఇరుప్రక్కల కానవచ్చునది అభివృద్ధియే: బహుళాంతస్తుల గృహసముదాయములు, విశ్వవిద్యాలయ భవనములు, కార్ల షోరూములు, దీపాల బోర్డుల భోజనశాలలు. ఐతే ఈ రాజమార్గమును విడిచి ఏదో యొక పారిశ్రామికవాడలోనికి రెండు మలుపులు తిరిగినంతనే దృశ్యము మారిపోవును. ఒక ప్లాటులో మందుల ఫ్యాక్టరీ మూడు షిఫ్టులు నడుచుచుండగా, దాని పొరుగు ప్లాటు గేటుపై బ్యాంకువారు అంటించిన స్వాధీనపు నోటీసు ఎండకు వెలిసి, వానకు చిరిగి వ్రేలాడుచుండును. సర్కారు తుమ్మ కిటికీ ఊచల నడుమనుండి లోపలికి కొమ్మ చాచియుండును. ఇది మరణించిన పట్టణము కాదు. పెద్ద కర్మాగారములు నడుచుచునే యున్నవి, కొన్ని పెరుగుచునున్నవి. క్షీణించినది చిన్న షెడ్డు: అరయెకరమో, ఎకరమో స్థలములో, ముప్పది నలువది మందికి కూడు పెట్టి, ఒక దశాబ్దము వెలిగి, మరియొక దశాబ్దము మినుకుమినుకుమని ఆరిపోయిన లఘుపరిశ్రమ.

అట్టి షెడ్డును కొనుటకు నేడు బేరగాండ్రు వచ్చుచున్నారు. వారిని గేటు తాళము తీసి లోపలికి తీసికొనిపోవు దళారి మొదటనే ఒక మాట తేల్చివేయును: “షెడ్డు ముచ్చట ఇడ్సిపెట్టుండ్రి సారూ, గది ఫ్రీ అనుకోండ్రి. గజానికెంత, గదే మాట్లాడుకుందాం.” అనగా నేలకే ధర, పైనున్న కట్టడమునకు వెల సున్న. ఈ లెక్క ఆ వాడలలో ఎంత సహజమైపోయినదనగా దీనిని ప్రశ్నించువాడే వింతమనుష్యుడుగా తోచును. కాని పాత కర్మాగారమును కొనువాని పాలిట ఇంతకంటె ప్రమాదకరమైన లెక్క వేరొకటి లేదు. ఆ కట్టడము కొన్నిచోట్ల లక్షల విలువచేయు ఆస్తి. కొన్నిచోట్ల కోట్లకు చేటు తెచ్చు అప్పు. అది సున్న మాత్రము ఎన్నడును కాదు.

వెనుకబాటు తెచ్చిన వెలుగు

ఈ షెడ్లు ఇక్కడ ఎందుకు పుట్టినవో తెలిసికొన్నగాని ఇవి ఇట్టి ఆకారములో ఎందుకున్నవో బోధపడదు. 1960 దశకములో రామచంద్రాపురమున భారత్ హెవీ ఎలక్ట్రికల్స్, అనగా బి.హెచ్.ఇ.ఎల్., వెలసినది. 1972లో పటాన్‌చెరు పొలములలో అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనాసంస్థ ఇక్రిశాట్ స్థాపితమైనది. 1973లో ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక మౌలికసదుపాయాల సంస్థ, ప్రజల నోట ఏపీఐఐసీ, ఏర్పడి, భూములు సేకరించి, రోడ్లు వేసి, ప్లాట్లుగా కోసి కేటాయించుట మొదలిడినది. నాటి మెదకు జిల్లా పరిశ్రమలలో వెనుకబడిన జిల్లాగా ప్రకటింపబడి యుండుటచేత ఇచ్చట పరిశ్రమ పెట్టినవారికి కేంద్రమునుండి పెట్టుబడి రాయితీ, ఆదాయపు పన్నులో మినహాయింపు, రాష్ట్రమునుండి అమ్మకపు పన్నులో వెసులుబాటు లభించెడివి. 1980లో ఇందిరాగాంధీ మెదకునుండి లోక్‌సభకు ఎన్నికగుటతో ఈ ప్రాంతముపై ఢిల్లీ చూపు మరింత ప్రసరించినది. 1984లో ఎద్దుమైలారమున ఆయుధ కర్మాగారము వచ్చినది. పటాన్‌చెరు, బొల్లారము, పాశమైలారము, కాజీపల్లి, గడ్డపోతారము అను పల్లెల పేర్లు పదిహేనేండ్లలో పారిశ్రామికవాడల పేర్లయినవి.

ఔషధ పరిశ్రమకు మరియొక కారణము తోడైనది. 1970 నాటి పేటెంటు చట్టము 1972లో అమలులోనికి వచ్చి, మందునకు గాక, మందు తయారుచేయు పద్ధతికి మాత్రమే పేటెంటు హక్కును పరిమితము చేసినది. వేరొక పద్ధతిలో అదే మందును తక్కువ ఖర్చునకు వండగల రసాయన శాస్త్రవేత్తలు, బాలానగరులోని ప్రభుత్వరంగ ఔషధ సంస్థ ఐ.డి.పి.ఎల్.లో చేయి తిరిగినవారు, హైదరాబాదులో కొల్లలుగా నుండిరి. అందుచేత మెదకు జొన్నచేల నడుమ రియాక్టర్లు లేచినవి.

ఇందులో నేటి కొనుగోలుదారు గమనింపవలసిన సూక్ష్మము ఒకటి కలదు. కేంద్ర రాయితీ స్థిరపెట్టుబడిమీద శాతముగా లెక్కింపబడెడిది; స్థిరపెట్టుబడి యనగా భూమి, భవనము, యంత్రములు. కావున భవనము పెద్దదైనకొలది రాయితీ పెద్దదయ్యెడిది. ఆర్థికసంస్థ ఇచ్చు అప్పును పెరిగెడిది. పదిమంది పనివారు చాలు పనికి నూరుమంది పట్టు షెడ్డు, ఒక మోటారు నడపుటకు మూడు మోటార్ల పునాది, ఎన్నడును క్రేను ఎక్కని క్రేను గర్డర్లు ఈ వాడలలో కానవచ్చుటకు కారణము ఇదియే. అనగా ఒకనాడు ఏ కట్టడము విలువను సాధ్యమైనంత హెచ్చించి వ్రాసి అప్పు తెచ్చిరో, అదే కట్టడము విలువను నేడు సున్నగా వ్రాసి అమ్ముచున్నారు.

ఎట్లు మూతబడినవి

చిన్న పరిశ్రమ ఒక్క దెబ్బకు చావదు. కేంద్ర పెట్టుబడి రాయితీ 1988లో ముగిసినది. 1991 తరువాత దిగుమతుల తలుపులు తెరచుకొనుటతో, పెద్ద కర్మాగారములు తమకు కావలసిన విడిభాగములను పొరుగు షెడ్డునుండియే కొనవలెనను నిర్బంధము సడలినది. చైనానుండి వచ్చు రసాయనముల ధరముందు ఇచ్చటి చిన్న యూనిట్ల ధర నిలువలేదు. 2010 జనవరిలో కేంద్ర పర్యావరణశాఖ దేశములోని తీవ్ర కాలుష్యప్రాంతములలో కొత్త పరిశ్రమలకు, విస్తరణలకు అనుమతులు నిలిపివేసినపుడు పటాన్‌చెరు–బొల్లారము ఆ జాబితాలో నుండెను. 2012 ప్రాంతమున ఉమ్మడి రాష్ట్రమునకు దాపురించిన విద్యుత్ కరవులో పరిశ్రమలకు పవర్ హాలిడే విధింపబడినది. సొంత జనరేటరుపై డీజిలు కాల్చి నడపగల పెద్దవారు నడపిరి, ఆ శక్తి లేని చిన్నవారు షిఫ్టులు తగ్గించి, మనుషులను తగ్గించి, చివరకు తాళము వేసిరి.

తాళము పడిన తరువాతి కథ మరింత దీర్ఘమైనది. వడ్డీ కట్టని యూనిట్లను రాష్ట్ర ఆర్థికసంస్థ తన 1951 నాటి చట్టములోని 29వ సెక్షను క్రింద స్వాధీనము చేసికొనెడిది. పెద్ద కంపెనీలు ఖాయిలా పరిశ్రమల మండలి, బి.ఐ.ఎఫ్.ఆర్., ఎదుట ఏండ్ల తరబడి వాయిదాలు తిరిగెడివి. 2002లో బ్యాంకులకు కోర్టు గడప త్రొక్కకయే తాకట్టు ఆస్తిని వేలము వేయు అధికారము సర్ఫేసీ చట్టముతో దక్కినది. 2016లో దివాలా స్మృతి వచ్చినది. ఈ చట్టములన్నియు అప్పిచ్చినవాని బాకీ వసూలు కొఱకు పుట్టినవి. షెడ్డు ఏమగునను ప్రశ్న వీనిలో దేనికిని పట్టదు.

తుక్కు వ్యాపారి తూకము

తాళము తీసిన షెడ్డులో మొదట కంటబడునది టైము ఆఫీసు. ఒక చెక్క పలకకు నిలువుగా అడ్డముగా అరలు. అరల క్రింద తెల్లరంగుతో టోకెను సంఖ్యలు. కొన్ని అరలలో హాజరు కార్డులు నేటికిని ఉండును. దాని ప్రక్క గోడమీద, అక్షరాలు సగము రాలిన భద్రతా నినాదము. లోపల సిమెంటు నేలపై యంత్రములు పెరికిన చోట పునాది బోల్టులు నాలుగేసి చొప్పున పైకి లేచియుండును. నూనె త్రాగి నల్లబడిన నేల యంత్రము ఆకారమును మచ్చగా నిలుపుకొనియుండును. తల పైకెత్తినచో ఉక్కు ట్రస్సులు, వానిపై సిమెంటు రేకులు, నడుమ నడుమ విరిగిన రేకులగుండ ఎండ.

ఇంటి కొఱకో గోదాము కొఱకో స్థలము వెదకువాడు ఇవి చూడడు. వీనిని శ్రద్ధగా చూచువాడు తుక్కు వ్యాపారి యొక్కడే. అతడు ట్రస్సును సుత్తితో కొట్టి చప్పుడు వినును. తుప్పు పొరయెంతో, ఉక్కు ఎంతో ఆ చప్పుడే చెప్పును. గర్డర్లను అంగలతో కొలచి, ఎన్ని టన్నులు తేలునో మనసున వేసికొని, గ్యాస్ కటింగు కూలి, లారీ కిరాయి తీసివేసి, ఒక అంకె చెప్పును. యజమాని దానికి తలయూపినచో వారము తిరుగకముందే షెడ్డు నేలమట్టమగును. ఈ తూకములో ఒక ప్రమాదము దాగియున్నది: ఆ పాత రేకులలో చాల భాగము ఆస్‌బెస్టాస్ కలిపినవి. వానిని నీటితో తడిపి, మేకులు విప్పి, పగులకుండ దింపవలసియుండగా, పైనుండి క్రిందికి విసరి పగులగొట్టుట మన అలవాటు. ఆ ధూళి పీల్చిన కూలీ ఊపిరితిత్తులకు కీడు కలిగినను అది తెలియుట దశాబ్దముల తరువాత. అప్పటికి అమ్మినవాడు, కొన్నవాడు, కూల్చినవాడు ఎవ్వరును అచ్చట ఉండరు.

ఐతే అదే షెడ్డును నిజముగా పనికొఱకు కొనువాడు, అనగా చిన్న ఫ్యాబ్రికేషను పనివాడో, మౌల్డులు చేయువాడో, చూచు చూపు వేరు. అతనికి ఆ పునాదులు, ఆ క్రేను గర్డర్లు, మూడు వైపుల లారీ తిరుగు జాగ, ట్రాన్స్‌ఫార్మరుతో సహా మంజూరై యున్న హెచ్‌టీ విద్యుత్ లోడు, ఇవన్నియు క్రొత్తగా సంపాదింపవలెనన్న సంవత్సరములు, లక్షలు పట్టు వస్తువులు. ఆ లోడు రద్దయినదా, నిలిచియున్నదా అను ఒక్క ప్రశ్నమీద అతని బేరము ఆధారపడియుండును. కాని గజముల లెక్కన వచ్చు ధరముందు ఇట్టి కొనుగోలుదారు నిలువలేడు. పనికి వచ్చు షెడ్డు పనివానికి దక్కక తుక్కునకు పోవుట ఈ వాడలలో నిత్యము జరుగుచున్న నష్టము. జాతీయాదాయపు లెక్కలలో ఎక్కడను కానరాని నష్టము.

దస్తావేజుతో వచ్చు ఋణములు

బయానా ఇచ్చుటకు ముందు జాగ్రత్తపరుడు ఈసీ, అనగా ఆ ఆస్తిపై నమోదైన భారములు తెలుపు పత్రము, తీయించును. ఈసీ చెప్పునది రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే. దస్తావేజులు బ్యాంకులో దాఖలుపరచి తీసికొన్న అప్పు అందులో కానరాకపోవచ్చును. అందుకై 2011లో మొదలైన సెర్‌సాయి కేంద్ర రిజిస్ట్రీలో వేరుగా వెదకవలెను. ఏపీఐఐసీ నాడు కేటాయించిన ప్లాటయినచో, ఆ హక్కులు నేడు తెలంగాణ పారిశ్రామిక మౌలికసదుపాయాల సంస్థవి. కేటాయింపు పత్రములోని షరతులు నెరవేరినవా, సేల్ డీడు జరిగినదా, లేక ఇంకను ఒప్పందపు దశలోనే యున్నదా, బదిలీకి ఎన్‌ఓసీ కలదా అని చూడవలెను. ఆస్తిపన్ను మునిసిపాలిటీకి గాక స్థానిక పారిశ్రామిక ప్రాంతాధికార సంస్థకు, అందరు ‘ఐలా’ అని పిలుచుదానికి, బకాయిపడి యుండవచ్చును. ఇవన్నియు దాటిన తరువాత 2021 జూలైనుండి తెలంగాణములో హెచ్చిన లెక్క ప్రకారము స్టాంపు, బదిలీ, రిజిస్ట్రేషను సుంకములు కలసి విలువలో 7.5 శాతము.

బ్యాంకు వేలములో కొనువానికి ఈ శ్రమ తప్పినట్లు తోచును. అది భ్రమ. వేలపు ప్రకటనలో ‘ఎక్కడున్నది అక్కడ, ఎట్లున్నది అట్లే, ఏమున్నది అదే’ అను షరతు చిన్న అక్షరములలో నుండును. దాని భావము, తెలియని బాకీలన్నియు కొన్నవానివేయని. పాత యజమాని కట్టని కరెంటు బిల్లు కొత్త యజమానికి చుట్టుకొనునా అను వివాదము ఏండ్ల తరబడి న్యాయస్థానములలో నలిగి, 2023 మే నెలలో కేరళ విద్యుత్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు తీర్పుతో తేలినది: విద్యుత్ సంస్థ నియమములు అనుమతించినచో, కొత్త కనెక్షను ఇచ్చుటకు ముందు పాత బకాయి కట్టుమని కొనుగోలుదారుని అడుగవచ్చును. భవిష్యనిధిని గూర్చిన చట్టము ప్రకారము, సంస్థ చేతులు మారినపుడు మారిన తేదీవరకు బకాయిపడిన భవిష్యనిధికి పాతవాడు, కొత్తవాడు ఉమ్మడిగా బాధ్యులు. కొత్తవాని బాధ్యత అతనికి సంక్రమించిన ఆస్తి విలువకు పరిమితము. కనుకనే కొందరు సంస్థను గాక వట్టి ఆస్తిని మాత్రమే కొన్నట్లు కాగితములు వ్రాయించుకొందురు. ఆ తేడా వ్రాతలో సులభమైనను కోర్టులో నిలుచుట కష్టము.

ఈ బాకీలలో ఒక్కటి మాత్రము ఏ కాగితములోను ఉండదు. లాకౌటునాటికి పనిచేయుచున్నవారిలో గ్రాట్యుటీ అందనివారు, ఇస్నాపూరులోనో పటాన్‌చెరులోనో అద్దె గదులలో ఏళ్లు గడిపినవారు, గేటు తెరచినారని వినగానే వత్తురు. వారు కొత్త యజమానిని నిలదీయరు. “మా మొదటి సేటు ఫోను నంబరేమన్న ఉన్నదా సార్” అని మాత్రము అడుగుదురు.

నేల చెప్పని సంగతి

కాగితములన్నియు సరిగా నున్నను మిగిలిపోవు ప్రశ్న నేలది. ఈ ప్రాంతపు కర్మాగారముల వ్యర్థజలము దశాబ్దములు నక్కవాగులోనికి, అందుండి మంజీరలోనికి పారినది. పల్లెల బావులు రంగు మారినవి, పంటలు మాడినవి, పశువులు చచ్చినవి. పటాన్‌చెరులో వైద్యము చేయుచుండిన డాక్టరు అల్లాని కిషన్‌రావు తన వద్దకు వచ్చు రోగుల రోగములకు మూలము వాగులో నున్నదని గ్రహించి, 1980 దశకమునుండి ఊరేగింపులు, వినతిపత్రములు, వ్యాజ్యములతో పోరాడినాడు. 1990లో ఈ విషయము సుప్రీంకోర్టుకు చేరినది. రైతులకు నష్టపరిహారము ఇప్పించు ఆదేశములు వెలువడినవి. కేసు తరువాత హైకోర్టునకును, అటుపిమ్మట జాతీయ హరిత ట్రిబ్యునలునకును బదిలీయై, 2017లో గాని ట్రిబ్యునలు తీర్పు రాలేదు. 1994లో ఉమ్మడి వ్యర్థజల శుద్ధికేంద్రము ఆరంభమైనది. కాలక్రమమున, శుద్ధిచేసిన నీటిని వాగులో వదలక, పదునెనిమిది కిలోమీటర్ల గొట్టముద్వారా నగరపు మురుగునీటి వ్యవస్థలో కలిపి అంబర్‌పేట కేంద్రమునకు పంపు ఏర్పాటు జరిగినది.

ఈ శుద్ధిపైన ప్రపంచపు దృష్టిని మళ్లించినవారు స్వీడను దేశపు గోటెన్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు యోకిమ్ లార్సన్, ఆయన సహచరులు. వారు 2007లో ప్రకటించిన పరిశోధనలో, ఆ శుద్ధికేంద్రమునుండి బయటకు వచ్చిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను యాంటీబయాటిక్ మందు లీటరుకు 31 మిల్లీగ్రాములవరకు ఉన్నట్లు తేలినది. ఒక్క రోజున ఆ నీటిలో పోయిన మందు సుమారు 45 కిలోలని వారి అంచనా. అది స్వీడను దేశమంతయు అయిదు రోజులు వాడుకొను మందుకు సమానము. మందులకు లొంగని సూక్ష్మక్రిములను గూర్చి నేడు ప్రపంచము పడుచున్న ఆందోళనలో పటాన్‌చెరు పేరు ఈ విధముగా శాస్త్రగ్రంథములకెక్కినది.

కొనుగోలుదారుకు దీనితో పని యేమి? ప్లాటులో బోరు ఒకటుండును. అమ్మువాడు మోటారు వేసి చూపించును. నీరు ధారగా వచ్చును. బేరములో అది ఒక గుణముగా లెక్కింపబడును. ఆ నీటిలో లవణములెన్ని, ద్రావకముల అవశేషములేమి, భారలోహములెంత అని ప్రయోగశాలకు పంపువారు అరుదు. షెడ్డు వెనుక, ప్రహరీ మూలన, ఒకనాడు డ్రమ్ములు పెట్టిన చోట మట్టి తీసి పరీక్షించువారు ఇంకను అరుదు. ఇంజనీరింగు యూనిటు నడచిన ప్లాటునకు, ద్రావకములు వాడిన రసాయన యూనిటు నడచిన ప్లాటునకు దస్తావేజులో ఆవగింజంత భేదము లేదు. సర్వే నంబరు, హద్దులు, గజములు రెంటికి ఒకే రీతిని వ్రాయబడును.

కట్టడపు భద్రతయు అట్లే. 2025 జూన్ 30న పాశమైలారములో ఒక ఫ్యాక్టరీలో సంభవించిన విస్ఫోటము ధాటికి భవనము కూలి నలుబదిమందికి పైగా కార్మికులు మరణించిరి. వారిలో పెక్కురు ఉత్తరాదినుండి పొట్టచేతబట్టుకొని వచ్చినవారు. ఆ ఘోరమునకు కారణములు నిర్ణయించుట విచారణ సంఘముల పని. పాత షెడ్డును కొని, దానిపై అంతస్తు లేపి, అందులో కొత్త పని పెట్టదలచువారు మాత్రము ఒక ప్రశ్న తప్పక వేసికొనవలెను: ఈ కట్టడము ఏ పనికొఱకు లెక్కవేసి కట్టినారు, నేను పెట్టబోవు పని అదియేనా?

నిలిచినవి, నేలమట్టమైనవి

పాత కట్టడములన్నిటికి తుక్కే గతి కాదు. సంగారెడ్డి పట్టణములోనే 1796 నాటి కారాగారము కలదు. ఖైదీలను కొత్త జైలుకు తరలించిన పిమ్మట దానిని జైళ్లశాఖ పురావస్తుశాలగా మార్చి, 2016లో ఒక విచిత్రపథకము ప్రవేశపెట్టినది: 500 రూపాయలు చెల్లించినవారు ఖైదీదుస్తులు ధరించి, ఖైదీకూడు తిని, ఇరువదినాలుగు గంటలు గదిలో బందీయై యుండవచ్చును. దేశవిదేశముల పత్రికలు దీనిని వార్తగా వేసినవి. రెండువందలేండ్ల గోడలకు వెలకట్టు మార్గము కనిపెట్టినది వ్యాపారి కాదు, జైలు అధికారులు. అట్లే 2008లో హైదరాబాదు ఐ.ఐ.టి. మొదలైనపుడు దానికి సొంతభవనము లేదు. ఎద్దుమైలారపు ఆయుధ కర్మాగారపు ఆవరణలో తరగతులు నడపుకొని, 2015లో గాని కందిలోని సొంతస్థలమునకు పూర్తిగా చేరలేదు.

తెలంగాణములో పెద్ద ఉదాహరణలు పరస్పర విరుద్ధముగా నున్నవి. నిజాముకాలపు సిర్పూరు కాగితపుమిల్లు 2014లో మూతబడి, కాగజ్‌నగరు పట్టణమునే చీకటిపాలు చేసినది. 2018లో దివాలా ప్రక్రియద్వారా జె.కె. పేపరు సంస్థ చేజిక్కించుకొని మరల నడిపినది. అచ్చట కొన్నవాడు కోరినది మిల్లునే, గజములను కాదు. 1934లో వరంగల్లున స్థాపితమైన అజంజాహీ మిల్లు ఈ శతాబ్ది తొలియేండ్లలో మూతబడినపుడు ఆ నేలను కోరినవారేగాని మగ్గములను కోరినవారు లేకపోయిరి. యంత్రములు తుక్కునకు పోయినవి; భూమి ప్లాట్లయినది. రెంటికి భేదము యజమానుల సద్బుద్ధిలో లేదు. కాగజ్‌నగరులో గజము చవుక. వరంగల్లు నడిబొడ్డున గజము ప్రియము. నేల ధర ఒక హద్దు దాటినంతనే కర్మాగారము నేలకు బరువగును. పటాన్‌చెరు నేడు ఆ హద్దును దాటుచున్నది.

ఇక కొనువారెవరు?

2025 నవంబరులో తెలంగాణ ప్రభుత్వము ప్రకటించిన హైదరాబాదు పారిశ్రామిక భూముల పరివర్తన విధానము, ‘హిల్ట్’ అని పత్రికలు పిలుచునది, ఈ ప్రశ్నకు కొత్త రూపమిచ్చినది. అవుటర్ రింగురోడ్డు లోపలను చేరువను ఉన్న పారిశ్రామికవాడలలోని సుమారు 9,292 ఎకరములను, రిజిస్ట్రేషను విలువలో 30 నుండి 50 శాతము రుసుము చెల్లించినచో, గృహములకును వ్యాపారములకును మార్చుకొనవచ్చునని దాని సారాంశము. కాలుష్యకారక పరిశ్రమలు జనావాసముల నడుమనుండి తొలగునని ప్రభుత్వమనగా, కారుచవుకగా ఇచ్చిన ప్రజల భూమి కొందరికి బంగారుగని యగునని ప్రతిపక్షములు ఘోషించినవి. ముంబయి బట్టలమిల్లుల భూములపైన 1991లో ఇట్టిదే నియమము వచ్చినది: మూడవవంతు నగరపాలికకు, మూడవవంతు గృహనిర్మాణసంస్థకు, మిగిలినది యజమానికి. 2001లో జరిగిన సవరణతో ఆ భాగహారము ఖాళీస్థలమునకే పరిమితమై, నగరమునకు దక్కవలసినది కుంచించుకొనిపోయినది. పంపకపు వివాదము అచ్చట జరిగినది, ఇచ్చట జరుగుచున్నది. నేల శుభ్రత ప్రశ్న మాత్రము ఆ రెండు వాదములలోను వెనుకబడినది.

దాని పర్యవసానమును చూడదలచినవారు అమెరికాలోని నయాగరా ఫాల్స్ పట్టణపు చరిత్ర చూడవచ్చును. అచ్చట హుకర్ కెమికల్ కంపెనీ వేల టన్నుల రసాయన వ్యర్థములు పూడ్చిన ‘లవ్ కెనాల్’ అను స్థలమును 1953లో పాఠశాలల మండలికి ఒక్క డాలరునకు అమ్మినది. దస్తావేజులో రసాయనములు పూడ్చియున్నవను మాట కలదు. వానివలన కలుగు నష్టమునకు తాము బాధ్యులము కామను మాటయు కలదు. మండలి బడి కట్టినది. చుట్టును ఇండ్లు వెలసినవి. ఆ ఇండ్లు కొన్నవారికి మాత్రము దస్తావేజులోని ఆ మాట అందలేదు. 1978లో నేలమాళిగలలో విషద్రవములు ఊరగా, అత్యవసర పరిస్థితి ప్రకటించి జనులను ఖాళీ చేయించిరి. రెండేండ్లకు అమెరికా ‘సూపర్‌ఫండ్’ చట్టము చేసినది. నేడచ్చట పాత ఫ్యాక్టరీ స్థలము కొనువాడు ఆ నేల పూర్వచరిత్రను విచారించి గాని కొనడు, విచారింపక కొన్నచో పాతవాని పాపములో పాలివాడగును.

మనకును చట్టము లేకపోలేదు. కలుషిత స్థలముల నిర్వహణకై కేంద్రము 2025 జూలైలో నియమములు ప్రకటించినది. అనుమానాస్పద స్థలములను స్థానిక యంత్రాంగము గుర్తించి నివేదింపవలెనని, కాలుష్యము చేసినవానినుండియే శుద్ధివ్యయము రాబట్టవలెనని వానిలో కలదు. లోపించినది ఆ జాబితాకును సబ్‌రిజిస్ట్రారు కార్యాలయమునకును నడుమ సంబంధము. పారిశ్రామికవాడలోని ప్రతి ప్లాటు అమ్మకపు దస్తావేజునకు ఆ స్థలమున ఏయే పరిశ్రమలు ఏ యే కాలములో నడచినవి, కాలుష్యనియంత్రణ మండలి ఏ అనుమతులు ఇచ్చినది, ఏ నోటీసులు పంపినది, బోరునీటి పరీక్ష, మట్టిపరీక్ష ఏమి చెప్పినవి అను వివరముతో ఒక అనుబంధపత్రము జతపరచవలెనను నియమము చేయుటకు కొత్త చట్టసభ అక్కరలేదు. మండలి దస్త్రములలో ఈ సమాచారములో సగము ఇప్పటికే కలదు.

దీనికి బలమైన ఆక్షేపణ ఒకటి కలదు. ఇట్టి పత్రము తప్పనిసరియైనచో నేల ధర పడిపోవును. అప్పులలో కూరుకొని, షెడ్డు అమ్ముకొని బయటపడదలచిన చిన్న యజమాని నష్టపోవును. కాలుష్యము చేసిన పెద్దవాడు వాగులో వదలిన పాపము చిన్నవాని బోరులో తేలును. ఈ ఆక్షేపణ న్యాయమైనదే. భూగర్భజలము హద్దురాళ్లను ఎరుగదు. ఒకని ప్లాటులోని దోషము పొరుగువాని కర్మఫలము కావచ్చును. అందుచేత పరీక్షలఖర్చును చిన్న యజమానిపై మోపరాదు. పరివర్తన రుసుముగా ప్రభుత్వము వసూలు చేయదలచిన 30 నుండి 50 శాతములో ఒక భాగమును ప్రత్యేకనిధిగా వేరుచేసి, మొదట వాడవాడకు నేలపరీక్ష, భూగర్భజలపరీక్ష ప్రభుత్వమే జరిపించి, ఫలితములను సర్వే నంబరువారీగా ప్రకటించి, అటుపిమ్మటనే ఇండ్లకు అనుమతి ఇచ్చుట ధర్మము. ధర పడిపోవునన్న భయము నిజమైనచో, నేడు పలుకుచున్న ధర తెలియనితనముమీద నిలిచిన ధరయని అంగీకరించినట్లే కదా.

ఈలోగా కొనదలచినవాడు తన జాగ్రత్త తాను పడవలెను. ఈసీతోబాటు సెర్‌సాయి, కరెంటు కార్యాలయము, భవిష్యనిధి కార్యాలయము, ఐలా, కాలుష్యనియంత్రణ మండలి, ఈ అయిదింటినుండి వ్రాతపూర్వకముగా బకాయిల, నోటీసుల వివరము తెచ్చుకొనవలెను. బోరునీరు, ప్రహరీ మూలల మట్టి ప్రయోగశాలకు పంపవలెను. షెడ్డును కూల్చుటకు ముందు దానిని పనికొఱకు అద్దెకో, కొనుగోలుకో అడుగువాడు ఉన్నాడేమో విచారింపవలెను. వీనికగు ఖర్చు ఒక గుంట భూమి ధరలో చిన్న భాగము. ఇది చేసి కొన్నవానికి బేరము కొంచెము ఆలస్యమగును. చేయక కొన్నవాడు పాతవాని వ్యవహారమును తన పేర రిజిస్టరు చేయించుకొన్నవాడగును.